గుంత మీది పలకలు

చచ్చిపోయిన రంగప్ప రోజూ రాత్రి తన మగ్గం దగ్గరికి వస్తాడనీ, తెల్లవారకముందే వెళ్ళిపోతాడనీ ధర్మవరంలోని ఆ వీధి వీధంతా నమ్ముతుంది.

మగ్గం ఇప్పుడు లేదు. నేతగాడు కాళ్ళు దించుకుని కూర్చునే గుంత మాత్రం ముందుగదిలో అలాగే ఉంది. దాని మీద చెక్క పలకలు పరిచి, పలకల మీద కార్పెట్ వేశారు. ఆ కార్పెట్ కింద వీధి సద్దుమణిగాక ఒకసారి, వేకువన మరొకసారి కిర్రుమని చప్పుడవుతుంది.

రంగప్ప మంచి చావు చావలేదు. కిందటేడు ఏదో గొడవలో పక్కవీధి మనిషిని కర్రతో తల మీద కొట్టాడు. ఆ మనిషి ఆసుపత్రిలో చనిపోయాడు. పోలీసులు వచ్చేసరికి రంగప్ప ఇంట్లో లేడు. చెరువు గట్టున అతని చెప్పులు దొరికాయి. ఐదో రోజున తేలిన శవాన్ని చూసి, అది తన భర్తేనని నీలావతి చెప్పింది. కేసు అంతటితో ముగిసింది.

పదకొండు నెలలైంది. నీలావతి ఆ గదిలోనే పట్టుచీరలకు కుచ్చులు కట్టి బతుకుతోంది. చప్పుడు సంగతి పొక్కినప్పటి నుంచి చీరలిచ్చే ఆడవాళ్ళు గడప తొక్కడం మానేశారు. అది ఆగనంత కాలం ఆమెకు ఆ ఇంట్లో బతుకు లేదు.

ఊళ్ళో వడ్రంగులు రాలేమన్నారు. చివరికి హిందూపురం నుంచి దానియేలు వచ్చాడు. బెంగళూరు ఆఫీసుల్లో పదేళ్ళు చెక్క నేలలు వేసినవాడు. పట్టపగలు పదకొండు గంటలకు వచ్చి డ్రిల్లు సంచి దించాడు.

పక్కింటి నరసక్క వాకిట్లోనే నిలబడింది.

“ఏమప్పా, నీకు భయం లేదా? ఆడ రంగప్ప ఉండాడు.”

“ఉండనీ అవ్వా. ఉంటే నా కూలి ఆయప్పనే అడుగుతా.”

“నవ్వు, నవ్వు. సాయంత్రం నీ వెంబడే హిందూపురం బస్సెక్కుతాడు.”

“ఎక్కనీ. టికెట్ మాత్రం నేను తియ్యను.”

దానియేలు కార్పెట్ మీద కాలు మోపి నొక్కాడు. కిర్రుమంది. నరసక్క రెండు మెట్లు దిగింది.

“దయ్యానికి బరువుండదవ్వా. బరువు లేంది చెక్కను కదిలించలేదు. ఈడ మేకులు వదులైండాయి. చెక్క ఎండి ముడుచుకుంటే మేకు చుట్టూ సందు పడతాది. పలక లేచి పడినప్పుడల్లా మేకును రాసుకుంటాది. అంతే.”

“మరి రాత్రిపూట ఎవరు లేపుతాండారప్పా?”

“చలి. పగలు ఎండకు సాగుతాది, రాత్రి చలికి బిగుసుకుంటాది. దానంతటదే కదుల్తాది.”

అతని దగ్గర ప్రతి ప్రశ్నకూ జవాబుంది. జవాబులన్నీ శాస్త్రీయమైనవే.

కార్పెట్ అంచు పట్టుకోబోయాడు.

“ఎత్తొద్దన్నా,” అంది నీలావతి. “ఆ గుంత నేను చూడలేను.”

దానియేలు చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. ఆమె మోచేతి పైన కమిలిన చోటు అతని కంట పడింది. ఇంకా పచ్చిగా, నీలంగా ఉంది.

“తలుపు తగిలింది,” అంది ఆమె, అతను అడగకముందే.

“ఎత్తే పనే లేదమ్మా.”

సంచిలోంచి ఒక పొట్లం తీశాడు. అవి తల విరిగే స్క్రూలు. వాటిని కార్పెట్ పైనుంచే పలకలోకి, పలక గుండా గుంత చుట్టూ ఉన్న చట్రంలోకి దించుతారు. బిగిశాక పక్కకు వంచితే తల టక్కున విరిగి వస్తుంది. మిగతాదంతా లోపలే ఉండిపోతుంది. కార్పెట్ మీద గుర్తు కూడా మిగలదు.

“చట్రం గట్టిదేనా అమ్మా?”

“సిమెంటులో పాతిండాది.” ఆమె అడిగింది. “మళ్ళా ఊడదీయాలంటే?”

“తల లేని స్క్రూను యాడ పట్టుకొని తిప్పుతారు? పలక పగలగొట్టాల్సిందే.”

“అయితే అన్ని దిక్కులా వెయ్యన్నా. ఒక్క పక్క కూడా వదలొద్దు.”

దానియేలు వేళ్ళతో తట్టి, చట్రం ఎక్కడుందో చప్పుడును బట్టి పట్టుకున్నాడు. గంటన్నరలో నలభై స్క్రూలు దించాడు. డ్రిల్లు ఆగిన ప్రతిసారీ ఒక తల విరిగి అతని చేతిలోకి వచ్చింది. నీలావతి గోడకు ఆనుకుని కన్నార్పకుండా చూసింది. ఆఖరిది విరిగాక గట్టిగా ఊపిరి వదిలింది.

అతను లేచి కార్పెట్ మీద గెంతాడు. చప్పుడు లేదు.

“రా అవ్వా, నువ్వూ గెంతు.”

“నా వయసుకు గెంతులొకటే తక్కువ,” అంటూనే నరసక్క గడప దాటింది. ఒక కాలు మోపి చూసింది. రెండోది కూడా మోపింది. “అయితే పోయినాడంటావా?”

“లేనోడు యాడికి పోతాడవ్వా?”

“నేను రొద్దంలో మా అక్క ఇంటికి పోతాండానత్తా,” అంది నీలావతి. “నెల దినాలుండి వస్తా.” ఆమె సంచి ముందే సర్ది ఉంది.

“పోయి రా తల్లీ. శానా చిక్కిపోయినావు.” నరసక్క గొంతు తగ్గించింది. “ఈయప్ప మాటలకేం గానీ, మళ్ళా ఏం సప్పుడైనా మేము మాత్రం ఈ దిక్కుకు రాము.”

దానియేలు కూలి తీసుకుని నవ్వాడు. “చచ్చినోళ్ళు తిరిగి రారమ్మా. ధైర్యంగా ఉండు.”

“ఉంటానన్నా,” అంది నీలావతి.

ఇద్దరూ వెళ్ళిపోయారు. ఆమె కిటికీలు మూసింది. తాళం చేతిలోకి తీసుకుని, సంచి భుజానికి తగిలించుకుంది.

కార్పెట్ కింద, పదకొండు నెలలుగా పగలంతా ఆ గుంతలోనే దాక్కుంటున్న రంగప్ప, వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారా అని అడగడానికి పలకను రెండుసార్లు తట్టాడు.