చిహాయా ఏమంది?

"ఇదే నా ఆఖరి పాట. రేపటి నుంచి నేను పాడను," అంది వేదిక మీద చిహాయా. హాలంతా గొల్లున ఏడ్చింది.

అభిమానుల్లో కుసునోకి పక్కనున్న చిలీ దేశపు అమ్మాయి మాత్రం లైటు కర్ర ఊపుతూ కేరింతలు కొడుతోంది. చిహాయా కోసమే సముద్రం దాటి వచ్చిన పిల్ల. ఆమెకి తెలిసిన జపనీస్ నాలుగు ముక్కలే.

"పాపం, ఆ పిల్లకి చెప్పవయ్యా," అన్నాడు వెనక సీటులోంచి స్నేహితుడు మొరియా.

"నువ్వు చెప్పరాదూ!"

అంతలో ఆమే అడిగింది. "చిహాయా... ఏమంది?"

కుసునోకి వేదికకేసి చూపించి, వెళ్ళిపోతోందన్నట్టు చెయ్యి ఊపాడు.

ఆమె ముఖం విప్పారింది. లేచి తనూ వేదికకేసి రెండు చేతులూ ఊపింది. చిహాయా చూసి, కన్నీళ్ళతోనే నవ్వి చెయ్యి ఊపింది.

"నన్నే చూసింది!" ఆమె కుసునోకి భుజం పట్టి కుదిపేసింది. "వచ్చే ఏడు... మళ్ళీ!"

కుసునోకి వేదికకేసి చూశాడు.

"రా తల్లీ," అన్నాడు చివరికి.