శాలిబండ మలుపులో ఆరడుగులు

"ఓ సారూ, ముందు ఆ చాక్‌పీసు పక్కన వెట్టు! నా అరుగు మీద గీతలు గీసుడేంది?"

వరమ్మ కుట్టుమిషను వదిలేసి బయటికి దూకింది. చీరలకు ఫాల్, పీకో కుట్టే ముందుగది, రోడ్డు మీదికున్న అరుగు, ఈ రెండూ ఉంటేనే ఆమెకు బతుకు. చాక్‌పీసు పట్టుకున్నాయన మాత్రం తాపీగా గీత పూర్తి చేశాడు. కళ్లజోడు, చంకలో ఫైలు, మెడలో తిరగబడ్డ గుర్తింపు కార్డు.

"సర్వే అండీ. నా పేరు పరబ్రహ్మం. రోడ్డు వెడల్పులో మీ ఇల్లు ఆరడుగులు ముందుకొచ్చింది. తీసెయ్యాలి."

"తీసెయ్యనీకి అదేమన్న దుప్పటా? మా మామ కట్టిన గోడ అది! అరేయ్ అంజన్, బయటికి రారా! ఇల్లు కూలగొడ్తరంట, నువ్వు ఆ బండ్ల ఆటల మునిగి సావు!"

అంజన్ లోపలి గదిలో కంప్యూటర్ ముందు నుంచి లేచాడు. ఆటలో మునిగాడనడం అన్యాయం. అతను ఆడేవాడు కాదు, చేసేవాడు. కార్ల రేసు ఆటలో కంపెనీ ఇచ్చిన ట్రాకులు చాలక, ఆడేవాళ్లే సొంతంగా కార్లూ రోడ్లూ తయారుచేసి ఊరికే పంచుకుంటారు. వాటిని మోడ్లంటారు. అంజన్ ఏడు నెలలు కూర్చుని శాలిబండ రోడ్డునంతా ట్రాకుగా చేశాడు. స్పీడు బ్రేకర్లు, కరెంటు స్తంభాలు, ఆఖరికి మ్యాన్‌హోలు మూతలు కూడా వదల్లేదు. ఆ మోడ్ల సైటులో ఇప్పుడు 'అచ్చు మన రోడ్డు' పోటీ నడుస్తోంది. ఉన్నది ఉన్నట్టు చేసినవాడిదే గెలుపు. అంజన్‌ది మొదటి స్థానం. ఎవరిదో బార్కస్ రోడ్డు ట్రాకు మూడంటే మూడు ఓట్లు వెనక ఉంది. సాయంత్రం ఆరింటికి ఓటింగు బంద్.

"రుజువేంది సార్?" అంటూ అంజన్ అరుగు మీదికొచ్చాడు. "టేపు పెట్టి కొలిచిన్రా?"

"పటం ఉందిగా. ఇంక టేపెందుకు?"

పరబ్రహ్మం ఫైల్లోంచి కాగితం తీసి విప్పాడు. పైనుంచి చూస్తే కనబడే రోడ్డు, రంగుల్లో.

వరమ్మ దాని మీదికి వంగింది. "ఏ గాడిద గీసిందిది? నా అరుగేది? ఇగ నేను నడిరోడ్డు మీద మిషనేసుకొని కుట్టాల్నా?"

అంజన్ కూడా వంగి చూశాడు. తను ఒక్కొక్కటిగా పెట్టిన మ్యాన్‌హోలు మూతలన్నీ అందులో ఉన్నాయి.

ఆ గాడిద తనే.

రెండు కార్లు పక్కపక్కన పోవాలంటే ఆ మలుపు చాలదు. ఓవర్‌టేక్ లేని రేసు ఎవడాడతాడు? అందుకని ఒక పక్క ఆరడుగులు నరికాడు. ఎదురింటి మొగులయ్య గోడ నరుకుదామంటే భయమేసింది. ఆటలో గోడ ముట్టుకున్నా మొగులయ్య లొల్లికి వస్తాడు. అమ్మ ఇల్లయితే అడిగేవాడు లేడు.

"ఇది మీకెక్కడ దొరికింది సార్?"

"ఇంటర్నెట్‌లోనండీ. అంగుళం తేడా లేదని చేసినవాడే రాసుకున్నాడు."

"సార్, అది ఆట!"

"ఆటైతే ఏంటండీ, నీటుగానే ఉందిగా. ఆఫీసులో అందరికీ నచ్చింది."

ఇటుకల గోడ ఎదురుగా నిలబడి ఉంటే దాన్ని నమ్మరు. ఎవడో గీసిన కాగితాన్ని కళ్లకద్దుకుంటారు. అంజన్‌కి ఒళ్లు మండింది. అయినా ఎవర్ని తిట్టాలి?

"నా దగ్గర టేపుంది. ఇప్పుడే కొలుద్దాం పట్టున్రి."

"మీ టేపు చెల్లదు. మా టేపు రావాలంటే ముందు పటం తప్పని తేలాలి. ఆ మాట చేసినవాడే చెప్పాలి. వాణ్ణి మేమెక్కడని వెతుకుతాం?"

అంజన్ తల దించుకున్నాడు. వరమ్మ కొడుకు మొహం చూసింది. ఇరవై ఆరేళ్లుగా చూస్తున్న మొహమే, అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు.

"నువ్వేనారా?"

"అమ్మా, గది ఉత్త ఆటనే..."

"కోసెయ్యనీకి కన్నతల్లి ఇల్లే దొరికిందార నీకు?" చేతిలో ఉన్న చీర మడతతోనే వీపు మీద రెండు వేసింది. "చెప్పు సారుకు! తప్పని చెప్పు!"

"నోటిమాట కుదరదండీ." పరబ్రహ్మం తెల్లకాగితం అందించాడు. "రాసివ్వాలి. 'నా ట్రాకు అసలు రోడ్డులా లేదు, కొలతలు నేనే మార్చాను' అని. కింద సంతకం. సైటులో మీ పేరేదో అది కూడా."

"సైట్ల పేరెందుకు సార్?"

"ఫైలుకండీ."

అంజన్ కలం పట్టుకుని ఆగిపోయాడు. "ఆరు దాటినంక రాసిస్త సార్. జర ఆగున్రి."

"ఐదింటికి ఫైలు పైకెళ్లిపోతుంది. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు."

"ఇది బయటవడితే పోటీల ఓడిపోతనమ్మా!"

"ఓడిపో! నీ పోటీల పాడుగాను, నా మిషనేడ పెట్టుకోవాల్రా?"

రాశాడు. ఏడు నెలల పనిని రెండు ముక్కల్లో అబద్ధమని రాసి సంతకం పెట్టాడు. పరబ్రహ్మం దాన్ని రెండుసార్లు చదువుకుని, మడిచి, ఫైల్లో కాకుండా చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అరుగు మీద గీత తనే తుడిచాడు.

"ఇక ఫికరు లేదండీ. మీ ఇంటి జోలికి ఎవరూ రారు."

"దేవునసొంటోనివి సారూ," అంటూ వరమ్మ చాయ్ ఇచ్చింది. ఆయన నిలబడే రెండు గుక్కలు తాగి, వచ్చిన షేర్ ఆటో ఎక్కేశాడు.

లోపల మళ్లీ మిషను చప్పుడు మొదలైంది. ఇల్లు దక్కింది, అదే పదివేలు అనుకుంటూ అంజన్ పోటీ పేజీ తెరిచాడు. ఇంకా ఐదు కూడా కాలేదు. తన ట్రాకు మూడో స్థానంలో ఉంది, ఓట్లు ఇంకా జారిపోతున్నాయి. పేజీ నెత్తిన ఒక ఫోటో. తన చేతిరాత, తన సంతకం. కింద నూట పది మంది నవ్వుతున్నారు.

ఎవడు పెట్టాడోనని పేరు మీద నొక్కాడు.

తెరుచుకున్నది బార్కస్ ట్రాకువాడి పేజీ. దాని మీద ఫోటో పరబ్రహ్మంది.