రోము రైతు బొమ్మ

“నాగలి ఆపు బావా. ఊరు ఊరంత నీ కోసమే వచ్చింది,” అన్నాడు రాజమౌళి గట్టు మీది నుంచి. వెనక నలుగురు పెద్దమనుషులు. వాళ్లలో కట్టయ్య చేతిలో శాలువా.

వెంకట్రాజం ఎడ్లను ఆపలేదు. “ఈ సాలు కానీ.”

అతని ఇంటి ముందర అద్దం కట్టించి తగిలించిన బొమ్మ ఊరందరికీ తెలిసిందే. వరంగల్‌లో పాత పుస్తకాల దుకాణంలో దొరికింది. రేకు మీద సన్నటి గీతలు చెక్కి అచ్చువేసిన బొమ్మ. ఎడ్ల పక్కటెముకలు కూడా లెక్కపెట్టొచ్చు. వెనకటికి రోము నగరానికి ఆపద వస్తే పెద్దలు పొలానికి పోయి, నాగలి పట్టిన సిన్సినాటస్ అనే రైతును ‘వచ్చి మమ్మల్ని ఏలు’ అని బతిమాలుతున్నారు అందులో. అది చూసి వెంకట్రాజాన్ని ‘రోము రాజు’ అని ఎక్కిరించనివాళ్లు లేరు.

“ఎక్కిరించినోళ్లమే వచ్చినం,” అన్నాడు రాజమౌళి. “సర్పంచ్ సీటు ఆడోళ్లకు పడ్డది. అక్క పేరు మీద నామినేషన్ ఏద్దాం. ఆమె సంతకం పెట్టి ఇంట్ల ఉంటది, కుర్చీల నువ్వు కూసో. ఊరంత ఒక్క మాట మీదున్నది, ఇంకెవ్వలు ఏస్తలేరు. ఇయ్యాల ఐదింటి దాకనే టైమ్.”

“నేను కాదంటే?”

“మనూరి చంద్రమౌళి పెండ్లాంతోని ఏపిస్తం. ఆమె పేరు రాసిన కాయితం గూడ జేబులున్నది.”

వెంకట్రాజం మీసం దువ్వుకున్నాడు. “కాదంటలేను. ఈ కొండ్ర ఒడువనీ, ఇంకిన్ని సాళ్లే ఉన్నయి.”

“అక్కేది?”

“ఇంట్లనే. తిరిగి తిరిగి అలసి పండుకున్నది.”

“జర జల్ది బావా, నాలుగున్నరాయె. నామినేషన్ ఏసెటందుకు పక్కూరికి పోవాలె.”

“బొమ్మల రోము పెద్దలు నిలవడే ఉన్నరు. ఒక్కలన్న గడియారం చూస్తున్నరా?”

“ఆళ్లకు నామినేషన్లు లేకుండె,” అన్నాడు కట్టయ్య.

నవ్వుకుంటూనే నిలబడ్డారు. వెంకట్రాజం రొమ్ము విరుచుకుని ఎడ్ల వెనక నడిచాడు. దారం పట్టి గీసినట్టు సాలు మీద సాలు పడుతూ పోయింది. ఇన్నాళ్లకు ఊరు తన గట్టు మీదికి నడిచి వచ్చింది మరి. తొందరేముంది?

ఆఖరి సాలు ముగించాడు. కాడి విప్పాడు. ఎడ్ల వీపులు నిమిరాడు. బోరు దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కుని, తుండుగుడ్డతో వేళ్ల సందులు కూడా తుడుచుకుని నింపాదిగా గట్టెక్కాడు.

ఐదూ పది.

రాజమౌళి నెత్తి పట్టుకున్నాడు. “ముంచితివి గద బావా. మనూరి నుంచి ఒక్క నామినేషన్ గూడ పడకపాయె.”

“పడ్డది,” అన్నాడు వెంకట్రాజం, మీసం కింద నవ్వు ఆగక.

“ఎవ్వలది?”

“మీ అక్క పొద్దుగాలనే ఏసొచ్చింది, కుర్చీ గూడ ఆమెదే.”