పది లెక్కపెట్టేలోపు నవ్వాలి

ఏ నాయకుణ్ణైనా ఏదైనా చేస్తానని ఎవరన్నా సరే, ప్రతి ఇంటి గోడకీ సర్కారు బిగించిన చెవిపెట్టె పది నుంచి వెనక్కి లెక్కపెడుతుంది. ఈలోగా విన్నవాళ్లెవరైనా నవ్వితే అది జోకు. నవ్వకపోతే బెదిరింపు, పోలీసులు వస్తారు. అందుకే కమెడియన్ అప్పలస్వామి పొద్దున్నే ఇంట్లో ప్రాక్టీసు చేస్తుంటే, భార్య నూకరత్నం వంకాయలు తరుగుతూనే నవ్వి అతన్ని కాపాడుతుంటుంది.

"మంత్రిగారిని బోర్లా పడుకోబెట్టి వీపు మీద అప్పడాలు వత్తాలి!" అన్నాడతను.

"హహహ. ఇంకా ఎన్నున్నాయి? నాకు కూర పొయ్యి మీద పెట్టాలి," అంది.

ఇంతలో కుళాయి బుస్సుమని గాలి వదిలింది. నీళ్లు రాక ఇది తొమ్మిదో రోజు.

"ఆ ఎమ్మెల్యేని ఓట్లకి మన గుమ్మంలోకి రానీ, చీపురు తిరగేసి కొడతాను!" అంది నూకరత్నం.

"పది... తొమ్మిది..." మొదలెట్టింది పెట్టె.

అప్పలస్వామి కంగారుగా పొట్ట పట్టుకుని నవ్వాడు.

"జోకుగా నమోదైంది," అంది పెట్టె.

"ఎందుకా ఇకిలింపు?" నూకరత్నం మూలనున్న చీపురు అందుకుంది. "నేను నిజంగానే అన్నాను. కొడతాను."

"పది... తొమ్మిది..."

అప్పలస్వామి నవ్వడానికి నోరు తెరిచాడు. ఎదురుగా ఖాళీ బిందెలు కనిపించాయి. పెట్టె మూడు దాకా వచ్చినా, అతనికి నవ్వు రాలేదు.