ఖాళీ గుమ్మాలు

"ఎవరండీ ఆయన?" గణేష్‌బాబు గొంతు తగ్గించి అడిగాడు.

"వీరాస్వామి అంట. పోలవరం అవతల నుంచి వచ్చాడు. ఆ గోడ ఖాళీగానే ఉంది కదా అని ఇచ్చాను," అన్నాడు హాలు చూసుకునే అప్పాజీ.

రాజమండ్రిలో గణేష్‌బాబు బొమ్మల మొదటి ఎగ్జిబిషన్ అది. పేరు 'నేనూ, నా వీధీ'.

పుట్టి పెరిగిన వీధే తనను ఇలా తయారుచేసిందని అతని నమ్మకం. అందుకే వీధి కుళాయి, కిళ్లీకొట్టు, మేడమెట్లు, వాటి మధ్య తన ముఖం. ఏళ్ల తరబడి కూర్చుని వేశాడు.

వచ్చినవాళ్లు "బాగున్నాయండి" అనేసి, వీరాస్వామి గోడ దగ్గరికెళ్లి అక్కడే నిలబడిపోతున్నారు.

అక్కడున్నవి చిన్న చిన్న ఇళ్ల బొమ్మలు. తాటాకు చూరు, అలికిన అరుగు, గోడకు తగిలించిన చేట. ఒక్క మనిషి లేడు. అయినా ఎవరో ఇప్పుడే లోపలికెళ్లినట్టుంది.

భార్య వెంకటదుర్గ కూడా అక్కడే చేరింది.

"చూశారా! గుమ్మం చూస్తేనే ఆ ఇంటావిడ ఎలాంటి మనిషో తెలిసిపోతోంది."

గణేష్‌బాబు అది విన్నాడు. ఆ మాట తన బొమ్మల గురించి ఎవరైనా అంటారనే కదా ఇన్నాళ్లూ ఎదురుచూసింది!

నేరుగా వీరాస్వామి దగ్గరికెళ్లాడు.

"ఎంతకిస్తారేంటి ఇవి?"

"అమ్మేవి కావండి."

"మరెందుకు పెట్టారు?"

"నలుగురూ చూస్తారనండి."

ఎంత పొగరు, అనుకున్నాడు గణేష్‌బాబు. అప్పాజీని పక్కకి లాగాడు.

"అవి తీయిస్తారా, నన్ను నా బొమ్మలు సర్దుకుని పొమ్మంటారా?"

అప్పాజీ నసుగుతూ వెళ్లి చెప్పాడు. వీరాస్వామి బొమ్మలన్నీ దించి పాత దుప్పట్లో చుట్టుకున్నాడు. వెళ్తూ వెళ్తూ ఆగాడు.

"మీ మేడమెట్ల బొమ్మ చాలా బాగుందండి."

ఆ మెప్పుకి గణేష్‌బాబుకి ఒళ్లంతా కారం రాసుకున్నట్టయింది.

మర్నాడు కొందరు ఆడవాళ్లు ఆటో దిగి హాల్లోకొచ్చారు. అందరికంటే ముందున్న ముసలావిడ గోడలన్నీ వెతికింది.

"మా ఇళ్లేవి బాబూ?"

"మీ ఇళ్లేంటమ్మా?"

"డ్యామ్ కోసం ఊరు ఖాళీ చేశాం కదండీ. కొత్త కాలనీలో ఇళ్లన్నీ ఒక్కలాగే ఉన్నాయి. అందుకని పాత ఇంటి బొమ్మని ఎవరి గుమ్మం పక్కన వాళ్లం తగిలించుకున్నాం. పట్నంలో చూపిస్తానని వీరాస్వామి అడిగి తెచ్చాడు. మా ఇళ్లు ఇంత పెద్ద హాల్లో ఎలా ఉన్నాయో చూసుకుందామని వచ్చాం."

గణేష్‌బాబు ఆ ఖాళీ గోడ వైపు చూశాడు.

"ఆయన నిన్ననే వెళ్లిపోయాడమ్మా," అన్నాడు. "మీ ఊరి మనిషేనా?"

"కాదు బాబూ. మా ఇళ్లు పడగొట్టడానికొచ్చిన మిషన్ డ్రైవరు. ప్రతి ఇంటి ముందూ కూర్చుని, బొమ్మ వేసి మా చేతుల్లో పెట్టాకే మిషన్ ఎక్కేవాడు."