మనిషికి రెండు బకెట్లు

"ఆ గొట్టం మీద చెయ్యి వేశావో, మర్యాద దక్కదు!" హమామ్ గుమ్మానికి అడ్డంగా నిలబడి అరిచింది దాని యజమానురాలు, అందరూ మర్యాదగా లల్లా అని పిలిచే మన్నానా. ఫెజ్ నగరపు పాతబస్తీలోని ఆ సందులో ఆడవాళ్ళందరూ స్నానానికి వచ్చేది అక్కడికే.

యూనివర్సిటీ నుంచి వచ్చిన ఇహ్సాన్ నీటి మీటరు చంకలో పెట్టుకుని అక్కడే నిలబడింది. "వానలు మొహం చాటేశాయి లల్లా. హమాములు ఎన్ని నీళ్ళు తాగుతున్నాయో లెక్క తేలాలి. అది చూశాకే, వారానికి మూడు రోజులు మూయించాలా అక్కర్లేదా అన్నది నగరపాలక సంస్థవాళ్ళు తేలుస్తారు."

"మూయిస్తే నా దగ్గర ఒళ్ళు రుద్దే ఆడవాళ్ళు ఏం తినాలి? నీ మీటరునా?"

"రోజూ ఎలా నడుపుతారో ఇవాళా అలాగే నడపండి. అంతకు మించి ఏమీ అడగను."

మన్నానా ఆమెను ఎగాదిగా చూసి పక్కకు తప్పుకుంది. మీటరు బిగించి ఇహ్సాన్ అటు వెళ్ళగానే, ఒళ్ళు రుద్దేవాళ్ళలో పెద్దదైన హద్దాను పిలిచింది.

"ఇవాళ మనిషికి రెండు బకెట్లే. మూడోది అడిగితే నా దగ్గరికి పంపు."

"గురువారం లల్లా! రేపు జుమ్మా. అందరూ తలకి గసూల్ మట్టి పట్టించుకుంటారు. రెండు బకెట్లకి వదులుతుందా?"

"వదలకపోతే ఆ తలతోనే పొమ్మను. మీ ఇంట్లో పొయ్యి వెలగాలా వద్దా?"

హద్దా బకెట్లు లెక్కపెట్టడానికి లోపలికి నడిచింది.

మధ్యాహ్నానికి లోపల రణరంగమే. వేడినీళ్ళ కుళాయికి అడ్డంగా పీట వేసుకుని మన్నానా తనే కూర్చుంది. ఆవిరికి ఒళ్ళంతా ఉడికిపోతున్నా కదల్లేదు.

"నన్ను పిల్లి అనుకున్నావా, నాక్కుని శుభ్రపడడానికి?" అంది స్నానానికి వచ్చిన షామా, కళ్ళలోకి మట్టి కారుతుంటే.

"మీ అమ్మే బతికుంటే ఆ పీటతోనే నీ వీపు చీరేసేది!" అంది పక్కనున్న ముసలమ్మ.

"తిట్టండి. తిట్లకి నీళ్ళు ఖర్చు కావు," అంది మన్నానా.

ఒక్కొక్కరే మట్టి వదలని తలకి తువ్వాలు చుట్టుకుని, శపిస్తూ వెళ్ళిపోయారు.

సాయంత్రం ఇహ్సాన్ మీటరు చూసి కనుబొమలు ఎగరేసింది. "ఇంతేనా?"

"ఇవాళ అయింది ఇంతే," అంది మన్నానా, కప్పు కేసి చూస్తూ. అందులో అబద్ధం ఏమీ లేదు.

మర్నాడు పొద్దున్నే ఇహ్సాన్ మళ్ళీ వచ్చింది. మొహం గంభీరంగా ఉంది.

"నీళ్ళు బిగబట్టారు కదూ, లల్లా? ఈ సందులో ఇళ్ళకి వెళ్ళే గొట్టానికి వారం నుంచీ ఇంకో మీటరు ఉంది. నిన్న సాయంత్రం అది గిర్రున తిరిగింది. ప్రతి ఇంట్లో తలంట్లే! మీరిక్కడ మిగిల్చినదానికి నాలుగింతలు అక్కడ పోయాయి."

మన్నానా పక్కనున్న హద్దా చేతిని పట్టుకుంది. "తప్పు నాది. వీళ్ళ పొట్ట కొట్టకు అమ్మాయ్. మూయిస్తారా ఇక?"

"ఎలా మూయిస్తారు? హమామ్ లేకపోతే ఎన్ని నీళ్ళు పోతాయో కొలిచేదెలాగా అని మేం తల పట్టుకుని కూర్చుంటే, నిన్న మీరే కొలిచి చూపించారు!"