గొంగోర్ మాట

గొంగోర్ జ్వరంతో లారీ వెనక భాగంలో పడుకున్న మర్నాడు పొద్దున్నే, చక్రాల మీద బరువు మోసే కమాను కట్ట విరిగి ఉండడం కనబడింది.

గోబీ ఎడారిలో అంత లోపలికి ఆ ఏడాది వచ్చింది వాళ్ళొక్కళ్ళే. రాగి ఖనిజం వెతికే బృందం. నాయకుడు చోయిజిల్, కొలతలు తీసే బదార్చ్, డ్రైవరు గొంగోర్, వంటకి అతని భార్య దారిజావ్. జిల్లా ఆస్పత్రి మూడు వందల కిలోమీటర్లు. రేడియో కిందటి వారమే మూగబోయింది.

చోయిజిల్ వంగి చూశాడు. నాలుగు పట్టీల్లో రెండు విరిగాయి. ఇక కదిలేది లేదన్నాడు. గడువు దాటితే విమానమే వెతుక్కుంటూ వస్తుంది, ఆరు రోజులకి నీళ్ళు సరిపోతాయి, రూలు కూడా ఉన్నచోటే ఉండమంటోంది అన్నాడు.

ఆరు రోజులు ఆగే జ్వరం కాదది. రాత్రంతా తడిగుడ్డలు మార్చిన దారిజావ్‌కి ఆ సంగతి తెలుసు.

"రూల్లో ఇంకో ముక్క కూడా ఉంది సార్," అంది. "బండి కదలాలా వద్దా అన్నది డ్రైవరు మాట. డ్రైవరు చెప్పలేని స్థితిలో ఉంటేనే మీ మాట."

"అయితే అడిగిరా."

చోయిజిల్ మాత్రం లారీ వెనక్కి వెళ్ళలేదు. అంటుజ్వరమేమోనని అప్పటికే రోగికి పదడుగుల దూరం పాటిస్తున్నాడు.

ఆమె లారీ వెనక పరదా ఎత్తి లోపలికి వెళ్ళింది. కాసేపు గొణుగుడు వినిపించింది. తర్వాత దిగి వచ్చింది.

"డేరా గుంజ పీకి కమానుకి దన్ను పెట్టి, పచ్చితోలుతో బిగించమంటున్నాడు. బండి నన్ను తోలమంటున్నాడు."

"నువ్వా?"

"మీకు తోలడం వచ్చేమో అది కూడా కనుక్కోమన్నాడు."

బదార్చ్ నవ్వు దాచుకోవడానికి అటు తిరిగాడు.

మొన్న కోసిన మేక తోలు ఇంకా ఆరలేదు. దాన్ని పట్టీలుగా చీల్చి, లారీ కింద వెల్లకిలా పడుకుని, కాలు తన్నిపెట్టి లాగి లాగి చుట్టింది. మధ్యాహ్నానికి ఎండకి తోలు ముడుచుకుని ఇనుములా బిగిసింది. లారీ కదిలింది. పక్కకి ఒరిగి, కుంటుకుంటూ అయినా కదిలింది.

పందొమ్మిదేళ్ళుగా ఆమె చేసిన పని గొంగోర్ పక్కన కూర్చుని, అతను చేసేదంతా చూస్తూ పానాలు అందించడం. ఇప్పుడు స్టీరింగు ముందు కూర్చుంటే అద్దంలో తన ముఖమే తనకి కొత్తగా ఉంది.

సాయంత్రం ఫ్యాను బెల్టు తెగింది. మళ్ళీ పరదా వెనక్కి వెళ్ళి వచ్చింది.

"మీ పటాల సంచీ పట్టీ ఇమ్మంటున్నాడు."

చోయిజిల్ సంచీని గుండెకి హత్తుకున్నాడు. అది మంత్రిగారి చేతుల మీదుగా అందుకున్నదట.

"పట్టీ లేకపోతే పటాలు ఎక్కడికీ పోవు, పట్టీ ఉంటే మనం పోతాం అంటున్నాడు. త్వరగా ఇవ్వమంటున్నాడు."

ఇచ్చాడు. ఆమె దాన్ని రెండు మడతలు చేసి నరం దారంతో బెల్టులా కుట్టింది. నలభై కిలోమీటర్లకి తెగింది. మళ్ళీ కుట్టింది. మర్నాడు పొద్దున రేడియేటరు కారితే, కన్నం పూడేలా బార్లీ పిండి గుప్పెళ్ళతో అందులో పోసింది. అది కూడా గొంగోర్ మాటేనంది. ఆ పూట నాయకుడు పిండి కలపని టీతో సరిపెట్టుకున్నాడు.

ఎండిన ఏరు దగ్గర చక్రాలు ఇసుకలో కూరుకుపోయేసరికి చోయిజిల్ ఓపిక అయిపోయింది. తాళం లాగి జేబులో వేసుకున్నాడు.

"ఇంక చాలు. గొంగోర్ నా ముఖాన చెబితే తప్ప ఈ బండి కదలదు."

దారిజావ్ దిగింది. వెనక్కి నడిచి పరదా బారెడు తెరిచింది. చేతులు వీపు వెనక్కి పెట్టుకుని పక్కకి తప్పుకుంది.

"ఎక్కండి సార్. అడగండి. గొంతు బాగా పడిపోయింది, నోటి దగ్గర చెవి పెట్టి వినాలి."

చోయిజిల్ ఒక కాలు మెట్టు మీద పెట్టాడు. లోపలి నుంచి జ్వరం వాసన గుప్పుమంది. కాలు దించాడు. తాళం ఆమె చేతిలో పెట్టి, జేబురుమాలుతో వేళ్ళు తుడుచుకున్నాడు.

"ఏం చెయ్యాలన్నాడో అదే చెయ్యి."

"మీ ఇద్దర్నీ దిగి తొయ్యమన్నాడు," అంది.

తోశారు. నాయకుడి కోటు నిండా ఇసుక. లారీ తలుపులు ఊడదీసి చక్రాల కింద పరిచారు, డేరా పరిచారు. నాలుగోసారికి లారీ ఒడ్డెక్కింది. ఆ తర్వాత ఆమె ఎక్కడా ఆపలేదు. బుధవారం పొద్దు గుంకే వేళకి ఆస్పత్రి గేటు ముందు ఆపాక, బిగిసిపోయిన వేళ్ళని స్టీరింగు మీంచి ఒక్కొక్కటే విడదీసుకుంది.

మెదడు పొరకి జ్వరం ఎక్కిందనీ, ఇంకొక్క రోజు ఆలస్యమైతే దక్కేవాడు కాదనీ డాక్టరమ్మ చెప్పింది.

వారం తర్వాత చోయిజిల్ ఆస్పత్రికి వచ్చాడు. చేతిలో ఎర్ర ముద్ర వేసిన ప్రశంసాపత్రం. మంచం పక్కన నిలబడి గొంతు సవరించుకుని మొత్తం చదివాడు. జ్వరంతో మంచం పట్టి కూడా, పడుకున్నచోటి నుంచే ఒక్కొక్క మరమ్మతూ చెప్పి చేయించి, ప్రభుత్వ వాహనాన్నీ బృందాన్నీ కాపాడిన డ్రైవరు గొంగోర్‌కి అని.

గొంగోర్ అంతా శ్రద్ధగా విన్నాడు. పక్కన టీ పోస్తున్న భార్య వైపు ఒకసారి చూశాడు.

"ఏ మరమ్మతులు సార్, ఆ సోమవారం రాత్రి లారీలో కళ్ళు మూసినవాణ్ణి, మళ్ళీ తెరిచింది ఈ మంచం మీదే కదా?"